నడిమి ఇల్లు

మారేడుగుంపు (పర్ణశాల దగ్గర)
2005 జూలై 10

హైదరాబాదుల పెద్ద చదువులు చదివే శ్యామలకు,

మీ తాత సీతయ్య రాసేదేందంటే, ఇక్కడ అందరం బతికే ఉన్నం. దూలయ్య సుత బతికే ఉన్నడు, గదే బాధ.

మొన్న మీ నాయనను అడిగిన, పిల్ల ఏం చదువుతున్నదిరా అని. "ఒక దేశానికి ఇంకో దేశానికి ఎందుకు పడదో చదువుతున్నది" అన్నడు. గదానికి రెండేండ్లా? ఒక హాస్టలా? మా అరుగు మీద రెండు పొద్దులు కూసుంటే నేనే చెప్దును. నేను చదివింది నాలుగో తరగతే గని, ఒక్క పగను నలభై ఏండ్లు చెడిపోకుంట కాపాడిన. మీ సార్లల్ల ఎవ్వలన్న గంత పని చేసిన్రా, అడుగు.

నేను, దూలయ్య ఒక్క కంచంల తిన్నోళ్లం. ఒక్క ఎర్రజెండా మోసినం. అరవై నాలుగుల పార్టీ రెండు ముక్కలైంది. నేను రష్యా దిక్కు పోయిన, వాడు చైనా దిక్కు పోయిండు. రష్యా ఏ మూలకున్నదో నాకు తెల్వది. చైనా గోదావరికి ఇవతల ఉన్నదో అవతల ఉన్నదో వానికి తెల్వది. ఊర్ల పేపర్లు చదువుకునే గుడిసె ఒకటుండె. బెంచీలు నాలుగు, రెండు నాకు, రెండు వానికి. లాంతరు ఒక్కటే ఉండె. ఎట్ల పంచాలె? పగలగొట్టి పంచుకున్నం.

తొంభై ఒకటిల రష్యా ముక్కలైందని రేడియోల చెప్పిన్రు. తెల్లారి దూలయ్య తలకు తెల్ల తువ్వాల చుట్టుకొని మా వాకిట్లకొచ్చిండు. "మీ దేశం పోయిందట గద బావా, పెద్దకర్మ ఎన్నడు?" అన్నడు. ఊరంత నవ్వింది. పద్నాలుగేండ్లాయె. ఇప్పటికీ అన్నం ముద్ద నోట్ల పెట్టుకుంటే గా మాటే యాదికొస్తది.

మా రెండు ఇండ్ల నడుమ బుల్లెమ్మ ఇల్లు లేకుంటే ఎన్నడో ఒకన్నొకడు నరుక్కునేటోళ్లం. నీకు యాదున్నది గద, మొగుడు పాము కుట్టి పోయిండు, పిల్లల్లేరు. అడవిల అడ్డాకు తెంపుకొచ్చి విస్తర్లు కుట్టి శుక్రవారం సంతల అమ్ముకుంటది. నేను దూలయ్యను తిట్టాలన్నా ఆమెకే చెప్పాలె, వాడు నన్ను తిట్టాలన్నా ఆమెకే చెప్పాలె. రెండిండ్ల పొయ్యిలకు నిప్పు ఆమె కాడికెంచే వస్తది. నా మస్కిరీకి ఊర్ల అందరికంటే ఎక్కువ నవ్వేది సుత ఆమెనే.

గిసొంటి ఇంటికి మీ పుస్తకాలల్ల పేరేమన్న ఉన్నదా? ఉంటే రాయి.

నీ ముసలోడు
సీతయ్య


హైదరాబాద్, హాస్టల్
జూలై 24

తాతా,

నీ ఉత్తరం పైకి చదివాను. మా గదిలో ముగ్గురమూ పొట్ట పట్టుకుని నవ్వాం. దూలయ్య తాత పెద్దకర్మ మాటకు మా రూమ్మేట్ ఇంకా నవ్వుతూనే ఉంది. నువ్వు మాత్రం కోపం తెచ్చుకోకు.

నువ్వు అడిగినదానికి పేరు ఉంది. రెండు పెద్ద రాజ్యాలు నేరుగా ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా మధ్యలో ఉండే చిన్న దేశాన్ని బఫర్ అంటారు. బుల్లెమ్మ అవ్వ ఇల్లు అదే. అలాంటి దేశం ఉన్నన్నాళ్లు పెద్దవాళ్లు ఇద్దరూ క్షేమంగా ఉంటారు.

మా శారద మేడమ్ మొదటి రోజే ఒక మాట చెప్పారు. ఊరికి పంచాయితీ ఉంటుంది, దేశాలకు పెద్దమనిషి లేడు. దొంగ వస్తే ఎవరి దగ్గరికి పరిగెత్తాలో తెలియదు. అందుకని ప్రతి దేశమూ తన కర్ర తానే పట్టుకుంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. నేను భయపడి నా వాకిట్లో కర్ర పెట్టుకుంటాను. నాకు అది కాపలా. పక్కింటివాడికి మాత్రం అది తన తల మీద పడబోయే కర్రలాగా కనపడుతుంది. వాడు గొడ్డలి తెచ్చుకుంటాడు. వాడికీ అది కాపలానే. ఇద్దరిలో ఎవరికీ కొట్టాలని లేకపోయినా ఇద్దరూ ఆయుధాలు పెంచుకుంటూ పోతారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన దగ్గర్నుంచి అమెరికా, రష్యా నలభై ఏళ్లకు పైగా ఇదే పని చేశాయి.

నేను ఈ ఏడాది ఒక పెద్ద వ్యాసం రాయాలి. అందరూ క్యూబా, కొరియా అని రాస్తారు. మన ఊరి ఉదాహరణతో రాస్తానంటే మేడమ్ కళ్లు మెరిశాయి. నువ్వూ దూలయ్య తాతా ఏం చేసుకున్నా నాకు వివరంగా రాయి. ఏదీ వదలకు.

శ్యామల


మారేడుగుంపు
సెప్టెంబర్ 4

పెద్ద మేడమ్ శ్యామలకు,

నువ్వు రాసినట్టే అయింది. నీ మేడమ్‌కు మా ఊరు ముందే తెల్సా ఏంది?

దూలయ్య ఇంటికి కొత్త పెంకులు ఏసిండు. దిష్టి తగులుతదని దర్వాజకు బూడిద గుమ్మడికాయ కట్టిండు. మన ఇంటి దిక్కు చూసేటట్టు కట్టిండు. కాపలా కాయ అనుకో, గని కాపలా నా మొఖం మీదికే ఎందుకు? నేను ఊకుంటనా, రెండు కట్టిన. వాడు తెల్లారి మూడు కట్టి వాటికి సున్నంతోటి కండ్లు, కోరలు రాపిచ్చిండు. నేను నల్లకోడి ఈకలు కుచ్చు కట్టిన. ఊర్లోళ్లు సంతకు పోయేటప్పుడు మా ఇండ్ల ముందట ఆగి లెక్క చూసుకుంట పోతున్నరు. బుల్లెమ్మ అయితే నవ్వి నవ్వి, "మీ ఇద్దరి నడుమ నాకు దిష్టి ఎట్ల తగుల్తది, ఏ దిక్కుకెంచి వస్తది" అన్నది.

పోయిన వారం శుక్రవారం ఊరంత సంతకు పోయింది. బుల్లెమ్మ సుత పోయింది. దూలయ్య కంచె కాడికి పోవాలంటే ఆమె వాకిట్లకెంచే పోవాలె గద. పోయిన. ఒక నిమ్మకాయ కోసి కుంకుమ అద్దిన. ఏడు సూదులు గుచ్చాలె, ఇంట్ల ఒక్కటే సూది ఉన్నది, అది మీ నాయనమ్మ ఇయ్యది. బుల్లెమ్మ విస్తర్లు కుట్టే వెదురు పుల్లలు గంప నిండ అరుగు మీద ఉన్నయి. ఏడు తీసుకొని గుచ్చిన. దూలయ్య దర్వాజకు ఎదురుంగ ఆమె కంచె గుంజ మీద పెట్టొచ్చిన.

వాడు చూసిండు, పిల్లా. పర్ణశాల పోయి గోదావరిల మూడు మునుగులు మునిగొచ్చిండట. జలుబు చేసి నాలుగు రోజుల నుంచి ముక్కు చీదుకుంట కూసున్నడు. మీ రష్యా అమెరికా ఖర్చు పెట్టినట్టు నేను ఖర్చు పెట్టలే. ఒక్క నిమ్మకాయ.

నాలుగో తరగతి
సీతయ్య


హైదరాబాద్
సెప్టెంబర్ 18

తాతా,

నీ నిమ్మకాయ మా తరగతిలో గంటసేపు చర్చ అయింది. ఒకతను, బలం ఎంత అన్నదే లెక్క, మిగతాదంతా కబుర్లు అంటాడు. నేను లేచి, నిమ్మకాయకు బలం ఎక్కడిది అని అడిగాను. పచ్చడికి వాడితే పచ్చడి, కంచె మీద పెడితే బాంబు. ఎదుటివాడు దాన్ని ఏమనుకుంటున్నాడో అదే దాని బలం. మేడమ్ బోర్డు మీద నిమ్మకాయ బొమ్మ గీశారు.

నీకు క్యూబా సంగతి చెప్తాను. అరవై రెండులో అమెరికా ముంగిట్లో ఉన్న ఆ చిన్న దీవిలో రష్యా బాంబులు మోసే రాకెట్లు పెట్టింది. పదమూడు రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. చివరికి రష్యా వెనక్కి తీసుకుంది. అందరూ అమెరికా గెలిచిందన్నారు. లోపల మాత్రం ఇంకో ఒప్పందం ఉంది. రష్యా పక్కన టర్కీలో ఉన్న తన రాకెట్లు తీసేస్తానని అమెరికా చాటుగా మాటిచ్చింది. పెద్దవాళ్లు ఇద్దరూ పరువు దక్కించుకున్నారు. దీవి క్యూబాది, ఒప్పందం మాత్రం వాళ్లిద్దరిది. క్యూబాను ఎవరూ అడగలేదు.

అసలు ఆ ఇద్దరూ నేరుగా యుద్ధం చేసుకోనేలేదు తాతా. కొరియాలో చేశారు, వియత్నాంలో చేశారు, అఫ్ఘానిస్తాన్‌లో చేశారు. వేరేవాళ్ల పొలాల్లో, వేరేవాళ్ల పిల్లలతో.

దూలయ్య తాత ఎదురుదెబ్బ ఏం వేస్తాడో చూడాలి. ఇప్పుడే ఆపకు. ఇంకో నెల చాలు, నా అధ్యాయం పూర్తవుతుంది. నిమ్మకాయ తీశావా, ఉంచావా? ఉంటే ఉండనీ.

శ్యామల


మారేడుగుంపు
అక్టోబర్ 9

శ్యామలకు,

నిమ్మకాయ ఉండనియ్యమన్నవ్, ఉండనిచ్చిన.

వానల్ల దూలయ్య ఎడమెద్దుకు గొంతువాపు వచ్చింది. పశువుల డాక్టరు వచ్చేసరికి చచ్చింది. ఈ ఏడు ఊర్ల ఆరు పశువులు పోయినయి, మనది ఒక దూడ పోయింది. గది ఎవ్వలకు యాదికి లేదు. దసరా వస్తదనంగ వాని చిన్నకోడలు గంగక్కకు ఆరో నెల కడుపు పోయింది. భద్రాచలం దవాఖానాకు తీస్కపోయేసరికే అయిపోయింది. పిల్ల బతికింది.

దూలయ్య గోదావరి అవతలికెంచి సోదె చెప్పేటామెను పిలిపిచ్చిండు. ఆమె చాటల బియ్యం పోసి, దీపం పెట్టి, "నీ తూర్పు కంచెకు ఉన్నది నీ ఇంటిని తినేది" అన్నది. వాని తూర్పు కంచె అంటే బుల్లెమ్మ కంచె. అందరు పోయి చూసిన్రు. నిమ్మకాయ ఎండి నల్లగైంది. పుల్లలు ఏడు గట్లనే ఉన్నయి. వెదురు పుల్లలు గంత సన్నంగ చీరేది ఊర్ల ఒక్కతే.

బుల్లెమ్మ ఆ పుల్లలు చేతుల పట్టుకొని, "నావే గని నేను పెట్టలే" అన్నది. నావే అన్న ఒక్క ముక్క పట్టుకున్నరు అందరు.

నేను అరుగు మీద కూసొని చుట్ట తాగుతున్న. నా దిక్కు చూసి నవ్వింది. ఏదన్న మస్కిరీ చేసి అందర్ని నవ్విచ్చి పంపుతనని అనుకున్నదేమో.

అయితారం నాడు పంచాయితీకి కూసుంటరట.

సీతయ్య


హైదరాబాద్
అక్టోబర్ 14

తాతా,

ఇది అందగానే వెళ్లి చెప్పు. ఇంకేమీ ఆలోచించకు. "నిమ్మకాయ నేను పెట్టాను, దూలయ్యను ఏడిపించడానికి పెట్టాను" అని ఆ రెండు మాటలు చాలు. నువ్వంటే ఊళ్లో అందరికీ ఇష్టమే, తిట్టి వదిలేస్తారు. అలా చేతబడి నింద పడ్డ ఆడవాళ్లను ఏం చేస్తారో నాకు తెలుసు. నీకు ఇంకా బాగా తెలుసు.

నాన్నకు ఫోన్ చేద్దామంటే మన ఊళ్లో సిగ్నల్ లేదు. ఈ ఉత్తరం ఆదివారం లోపల చేరాలి.

చెప్పు తాతా.

శ్యామల


మారేడుగుంపు
నవంబర్ 6

శ్యామలకు,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. అయితారమే అయిపోయింది.

అయినా నువ్వు చెప్పకముందే చెప్పిన. అందరి నడుమ లేచి నిలబడి, "నిమ్మకాయ నాదిరా" అన్న. ఒక్కడు నమ్మలే. "కూసో తాతా, నీ మస్కిరీలు ఇక్కడ సుతనా" అని నవ్విన్రు. జనమంత నన్ను గట్ల చేసి పెట్టుకున్నరు, నేనేం జేద్దును.

బుల్లెమ్మ ముందటి పళ్లు రెండు తీసేసిన్రు. పళ్లు లేకుంటే మంత్రం నోట్ల సరిగ తిరగదట, పారదట. గందుకు. పట్కారుతోటి తీసిన్రు. నేను చూడలే, ఎనక్కి మర్లి నిలబడ్డ. ఎక్కువ ఒర్రలే ఆమె. అయినంక కొంగు నోటికి పెట్టుకొని, గంపల రెండు చీరలు, చాట, పుల్లలు చీరే కత్తి పెట్టుకొని ఎల్లిపోయింది. కొత్తగూడెంల చెల్లెలు ఉన్నదట, బొగ్గు బాయిల పనిచేసేటోళ్ల క్వార్టర్లల్ల. మంచిగనే ఉంటది. కరెంటు సుత ఉంటది.

పోలీసులు వచ్చి అడిగిన్రు. ఎవ్వలం ఏం చూడలే అన్నం.

నువ్వు మంచిగ చదువుకో. దీని గురించి ఎక్కువ ఆలోచన చేయకు.

సీతయ్య


కొత్తగూడెం
2006 జనవరి 2

తాతా,

సెలవుల్లో ఇంటికి రాలేదేమని నాన్న అడిగితే పరీక్షలని చెప్పు. ఇక్కడి భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి, బుల్లెమ్మ అవ్వ చెల్లెలి క్వార్టర్ వెతుక్కుంటూ వెళ్లాను.

వంటింటి వెనక రేకుల కింద ఉంటోంది. రెండు ఇళ్లలో అంట్లు తోముతుంది. ఇక్కడ అడ్డాకు దొరకదు. మాట్లాడేటప్పుడు చేయి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నన్ను చూసి ముందు లోపలికి వెళ్లి కొంగు సరిచేసుకుని వచ్చింది.

"మీ తాత మంచిగున్నడా? చుట్ట తగ్గిచ్చిండా?" అని అడిగింది.

తాత ఆ రోజు లేచి చెప్పాడట గదా అన్నాను. అర్థం కానట్టు చూసింది.

"ఏం చెప్పిండు? ఏం చెప్పలే బిడ్డా. దూలయ్యకు పక్కపొంటి కూసున్నడు. ఆఖరుకు వచ్చి నా రెండు చేతులు ఎనక్కి పట్టుకున్నడు. 'కదలకు బుల్లెమ్మా, కదిలితే దవడకు తగుల్తది' అన్నడు. గట్టిగ పట్టుకున్నడు గని లేకుంటే ఇంకెన్ని పోయేటివో. మీ తాతనే నయం."

తాతా, ఆమె నిన్ను మెచ్చుకుంది.

ఆమెకు కేసు అక్కర్లేదట. "నా ఇల్లు నాకు గావాలె. ఎవ్వలన్న ఒక్కళ్లు ఊరి ముందట నిలబడి నిమ్మకాయ బుల్లెమ్మది కాదంటే, గా మాట మీద నేను పోయి నా ఇంట్ల పడుకుంట" అంది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి అది ఎవరు పెట్టారో కనుక్కుంటానని ఆమె నమ్మకం. నా చేతులు పట్టుకుని అడిగింది. నీ సెప్టెంబర్ ఉత్తరం నా సంచిలోనే ఉంది. నిమ్మకాయ, కుంకుమ, ఏడు పుల్లలు, అన్నీ నీ చేతిరాతతో.

నువ్వు ఒక్కసారి నిజం రాయి. ఆ తర్వాత ఊళ్లో నువ్వు చెప్తావా, నన్ను ఈ ఉత్తరం పట్టుకుని రమ్మంటావా?

శ్యామల


మారేడుగుంపు
జనవరి 20

శ్యామలా,

నిజం రాయమన్నవ్. రాస్తున్న. చదివి నవ్వకు.

నిమ్మకాయ పెట్టిన నాడు దూలయ్య సంతకు పోలే. ఇంటి మీద పెంకులు సదురుకుంట కూసున్నడు. నన్ను చూసిండు. పైకెంచి చూసుకుంట కూసున్నడు గని కిక్కురుమనలే. నిమ్మకాయకు భయపడ్డది నిజం, గోదావరిల మునిగింది నిజం. గని ఎవ్వలు పెట్టిన్రో వానికి మొదటి రోజే ఎరుక.

శనివారం, అంటే కూసునే ముందటి రోజు, మా వాకిట్లకొచ్చిండు. తొంభై ఒకటి తర్వాత గదే మల్ల రావడం.

"బావా, నిమ్మకాయ ఎవ్వలదో నాకు తెల్సు" అన్నడు.

"తెల్సినోనివి చెప్పు మరి."

"నీకు ముగ్గురు కొడుకులు, నాకు ఇద్దరు. నీ పేరు చెప్తే గొడ్డండ్లు లేస్తయి. నీ ఇంట్ల ఒక శవం, నా ఇంట్ల ఒక శవం. నా కోడలు మంచంల పడి ఏడుస్తున్నది, ఊరు ఎవ్వలో ఒకల్ని పట్టియ్యమని అడుగుతున్నది. బుల్లెమ్మకు ఎవ్వలున్నరు?"

చుట్ట ఇచ్చిండు. తీసుకున్న. గంతే మా ఒప్పందం. క్యూబాను ఎవ్వలు అడగలేదని నువ్వే రాసినవ్. గా ఉత్తరం నాకు నోటికొచ్చు.

చేతులు పట్టుకున్నది నేనే. పొద్దంత చూస్తున్నరు అందరు, సీతయ్య ఏ పక్క ఉన్నడని. దూరంగ ఉంటే నా దిక్కు అనుమానం మర్లుతదని పోయి పట్టుకున్న. ఆమె చేతులు చిన్నగున్నయి. ఆకులు కుట్టి కుట్టి ఏళ్ల కొసలు గరుకు గరుకుగున్నయి. నన్ను నమ్మి కదలలే.

ఇగ నీ ఉత్తరం సంగతి. ఊరి ముందట చదువు. నిమ్మకాయ మస్కిరీకి పెట్టిండు, మంత్రమూ లేదు ఏమీ లేదు అని అందరు అనుకుంటరని నీ ఆలోచన. అనుకోరు. నువ్వు హైదరాబాదుల ఉండి గది మర్చిపోయినవ్. ఎద్దు చచ్చింది నిజం, కడుపు పోయింది నిజం. నిమ్మకాయ నాదైతే పాపం నాదైతది. బుల్లెమ్మ ఇంటికొస్తది, నేను పోత. ఒకలు బయటుండాల్సిందే. నాకు ఉన్నయి ఆరే పళ్లు, ఊగుతనే ఉన్నయి. పట్కారు సుత అక్కరలేదు, చుట్టం చూపుగ వచ్చి గుంజుకపోవచ్చు. తర్వాత మీ నాయన గొడ్డలి పట్టుకుంటడు, దూలయ్య కొడుకులు పట్టుకుంటరు.

ఇంకో సంగతి. ఉత్తరం చదివితే అన్ని చదవాలె. "ఇప్పుడే ఆపకు, ఉంటే ఉండనీ" అని నువ్వు రాసింది నా పెట్టెల ఉన్నది. ఏడు పుల్లలు నేను గుచ్చిన. ఒక నెల ఎండబెట్టింది ఎవ్వలు?

బెదిరిస్తలేను. నీకు నేను ఎదురు చెప్తనా. నువ్వే తేల్చుకో, నేను ఇక్కడనే అరుగు మీద ఉంట.

సీతయ్య


హైదరాబాద్
ఫిబ్రవరి 12

తాతా,

నిన్న మళ్లీ కొత్తగూడెం వెళ్లి వచ్చాను.

బుల్లెమ్మ అవ్వ నా కోసం చేపల పులుసు చేసింది. ఎవరింట్లోనో అడిగి నూనె తెచ్చిందని చెల్లెలు చెప్పింది. మంచం మీద నేను ఒక చివర, ఆమె ఒక చివర కూర్చున్నాం. మధ్యలో నా సంచి. అందులో నీ ఉత్తరాలు.

"తెల్సిందా బిడ్డా?" అంది.

తెలియలేదు అవ్వా, అందర్నీ అడిగాను, ఎవరూ చూడలేదంటున్నారు, రుజువు లేదు అన్నాను. ఒక్క మాట కూడా తడబడలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

"తెల్వకపోతే నువ్వేం జేస్తవ్. ఇంత దూరం వచ్చి అడిగినవ్, గదే చాలు. తిను, సల్లారిపోతది" అంది. ఆమె తినలేదు. ముల్లు తీసుకోవడం కష్టమట.

నీ కోసమే అబద్ధం చెప్పానని రాద్దామని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. నీ కోసం సగమే. నా వ్యాసానికి తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. దానిమీద పైచదువుకు ఫెలోషిప్ ఇప్పిస్తానని మేడమ్ అన్నారు. అందులో నువ్వు 'అ' రాజ్యం, దూలయ్య తాత 'ఆ' రాజ్యం. బుల్లెమ్మ అవ్వకు అక్షరం ఇవ్వలేదు. మధ్య దేశం అని రాశాను. నా సెప్టెంబర్ ఉత్తరం బయటికొస్తే అదంతా పోతుంది.

నీ ఉత్తరాలు ఈ రోజు మధ్యాహ్నం హాస్టల్ వెనక కాల్చేశాను. నాది నువ్వు కాల్చెయ్యి.

శ్యామల


మారేడుగుంపు
మార్చి 19

నా మనుమరాలు శ్యామలకు,

నీది కాల్చిన. మీ నాయనమ్మ చూసి, "పిల్ల రాసింది ఎందుకు కాలుస్తున్నవ్?" అన్నది. చుట్ట అంటించుకోనీకి అన్న.

మంచి పని చేసినవ్ అని నేను అంటే నీకు కోపమొస్తది. అననులే.

ఇక్కడి సంగతులు రాస్త. బుల్లెమ్మ ఇల్లు ఖాళీగుంటే పాములు వస్తయని ఊర్ల అన్నరు. నేను, దూలయ్య కూసొని మాట్లాడుకున్నం. నలభై రెండేండ్లకు ఒక్క అరుగు మీద కూసున్నం, జనం ఆగి ఆగి చూసుకుంట పోయిన్రు. ఇల్లు ఇప్పేసినం. వాసాలు వానికి, పెంకులు నాకు. జాగ సగం సగం. నడుమ ఒక్క కంచె ఏసుకున్నం. గుమ్మడికాయలు ఇద్దరం తీసేసినం. ఇప్పుడు వాని దర్వాజ నా దర్వాజ ఎదురుబొదురు. పొద్దుగాల లేస్తే వాని మొఖమే. ఇద్దరం తలుపుకు లోపలికెంచి అడ్డగర్ర పెట్టుకుంటున్నం. ఒకరోజు వాడు అడిగిండు, "నీ తలుపుకు గర్ర ఎందుకు బావా" అని. నీ తలుపుకు ఎందుకో గందుకే అన్న. నవ్వుకున్నం. మునుపు గిసొంటియి చెప్తే నవ్వేటోళ్లు వేరే ఉండె.

ఆమె పెరట్ల చింతచెట్టు నా వంతు దిక్కు వచ్చింది. ఈ ఏడు ఇరగ కాసింది. మీ నాయన దులిపిండు, మీ నాయనమ్మ గింజ తీసి ముద్దలు కట్టింది. పది కిలోల దాక అయింది. నీ పేరు రాసి మూటకట్టి భద్రాచలం బస్సుల కండక్టరుకు ఇచ్చి పంపుతున్న, కొత్తగూడెం బస్టాండుల పెట్టిస్తడు, నువ్వు పోయినప్పుడు తీసుకో. నువ్వు ఎట్లాగు మల్ల అటు పోతవ్ గద. సగం బుల్లెమ్మకు ఇయ్యి. ఆమెకు పులుసు ఇష్టం.

ఏ చెట్టుదని అడిగితే, సంతల కొన్నా అని చెప్పు.

సీతయ్య